పాన్‌కేకులు మెత్తగా రావాలంటే

చిత్తూరు,
శనివారం

చిన్నోడా, పాపా,

పాన్‌కేకులు పొంగలేదని ఫోన్‌లో ఒకరి మీద ఒకరు చెప్పుకున్నారే, తప్పు మీ ఇద్దరిదీ కాదు, మజ్జిగది. మీరు పోసింది అన్నంలో కలుపుకునే పల్చటి మజ్జిగ, అందులో సగానికి పైగా నీళ్లే. మీరు చూసి చేసిన వంట పద్ధతిలో చెప్పే మజ్జిగ అమెరికా అంగళ్లలో దొరికే రకం. వెన్న తక్కువున్న పాలను తోడుపెట్టి చిక్కగా, పుల్లగా చేస్తారు. పోనీ ప్యాకెట్ మజ్జిగ పోద్దామంటారేమో, అందులో ఉప్పూ, అల్లమూ, పచ్చిమిర్చీ ఉంటాయి!

ముప్పావు కప్పు పుల్లటి పెరుగులో పావు కప్పు నీళ్లు పోసి కవ్వంతో గిలక్కొట్టండి, సరిపోతుంది. ఇక్కడ మే నెలలో పొద్దున తోడేసిన పెరుగు సాయంత్రానికే పులిసిపోతుంది. మీ బెంగళూరు చలికి ముందురోజే ఫ్రిజ్‌లోంచి తీసి బయట పెట్టాలి.

పులుపు ఎందుకంటారా? దోసెపిండి రాత్రంతా నానుతూ పులిసి, తనంతట తానే గాలి పుట్టించుకుంటుంది. దీనికి అంత తీరిక లేదు. పెరుగులోని లాక్టిక్ ఆమ్లం వంటసోడాతో కలిసిన మరుక్షణం కార్బన్ డయాక్సైడ్ బుడగలు లేస్తాయి. పెనం వేడికి పిండి గట్టిపడే లోపు ఆ బుడగలు లోపలే ఉండిపోతే మెత్తదనం వస్తుంది. కలిపిన పిండిని పక్కన పెట్టి టీవీ చూస్తే గాలంతా పోతుంది. అందుకే ముందు పెనం వేడెక్కనివ్వండి. కలపడం ఆ తర్వాతే.

ఒక గిన్నెలో కప్పు మైదా, అర టీస్పూను సోడా, చెంచా చక్కెర, చిటికెడు ఉప్పు. ఇంకో గిన్నెలో ఆ పెరుగు మజ్జిగ, ఒక గుడ్డు, రెండు చెంచాల కరిగిన వెన్న. గుడ్డు వద్దనుకుంటే కాస్త ఎక్కువ మజ్జిగ పోయండి. సోడా మాత్రం చెంచా అంచుకు సమంగా గీసి కొలవండి. ఎక్కువైతే సబ్బు రుచి వస్తుంది, లోపల ఉడకకముందే పైన ఎర్రబడుతుంది.

రెండూ కలిపేటప్పుడు మాత్రం బద్ధకంగా కలపండి. ఎంత తిప్పితే మైదాలోని గ్లూటెన్ అనే జిగురు అంత సాగుతుంది. పరోటాకు కావాల్సింది ఆ సాగుడే, ఇక్కడ అదే చెడుపు. అక్కడక్కడా చిన్న ఉండలున్నా వదిలేయండి.

దోసె పోసేముందు అమ్మ పెనం మీద ఉల్లిపాయ ముక్కతో రుద్దుతుంది కదా, దీనికి అది వద్దు. తీపి పాన్‌కేకులో ఉల్లి వాసన నోట్లో పెట్టనివ్వదు. మధ్యస్థంగా మంట పెట్టి, చిన్న గరిటెడు పిండి పోసి ఊరుకోండి, దోసెలాగా తిప్పి పరచొద్దు. కాసేపటికి పైన బుడగలు లేచి పగులుతాయి. మొదట్లో ఆ చిల్లులు మళ్లీ పూడుకుంటాయి. పూడకుండా నోళ్లు తెరుచుకునే ఉండి, అంచుల తడి ఆరితే అప్పుడు తిప్పండి, ఒక్కసారే. అట్లకాడతో నొక్కితే ఇంతసేపూ దాచుకున్న గాలి కాస్తా పోతుంది. పొయ్యి అమ్మ వెలిగించాకే మీరు దగ్గరికి వెళ్లండి.

తేనె సీసా కొనక్కర్లేదు, నేను పంపిన బెల్లం ఉంది. కాసిని నీళ్లలో కరిగించి, వడకట్టి, వేళ్లకు అంటుకునే దాకా మరిగించి, దించేముందు నెయ్యి వేయండి. మన జిల్లా తోతాపురి మామిడికాయలు చాలావరకు గుజ్జు ఫ్యాక్టరీలకే పోతాయి గానీ, జూన్‌లో ఇక్కడికొస్తే ముక్కలు కోసి ఆ పాకంలో వేసిస్తాను. కొంచెం పులుపుతో బాగుంటాయి.

మీ తాత సంగతి తెలుసుగా, తీపి టిఫిన్ అంటే ముఖం చిట్లిస్తాడు. ఆయనకు చక్కెర లేకుండా పచ్చిమిర్చి, కొత్తిమీర వేసి పోశాను. పల్లీల చట్నీతో మారుమాట్లాడకుండా తిన్నాడు. మీ నాన్నదీ అదే నోరు, ఆయనకూ అలాగే రెండు పోసిపెట్టండి.

ఉంటాను,
మీ అవ్వ