లైట్‌హౌస్ ఎక్కడానికి టికెట్ ఎంత?

చంటీ, బుజ్జీ,

మీ ఉత్తరం అందింది. డిసెంబరు సెలవుల్లో ఈజిప్టు వెళ్తున్నారని, పిరమిడ్లు చూశాక రెండ్రోజులు అలెగ్జాండ్రియాలో ఉంటారని రాశారు. చివర మిగిలిన ఖాళీలో చంటి పెన్సిల్‌తో ఇరికించిన ప్రశ్న చూసి చాలాసేపు నవ్వుకున్నాను: "తాతయ్యా, ఏడు వింతల్లో ఒకటైన లైట్‌హౌస్ అక్కడే ఉందట కదా, పైదాకా ఎక్కనిస్తారా? టికెట్ ఎంత?"

ఎక్కలేవమ్మా. అది కూలిపోయి ఏడువందల ఏళ్ళు దాటింది. కానీ దాన్ని చేత్తో తాకొచ్చు. అందుకు టికెట్ కొనాల్సింది లైట్‌హౌస్‌కి కాదు, ఒక కోటకి. అదెలాగో చెప్పాలంటే ముందు బొంత సంగతి చెప్పాలి.

మీ ఇంట్లో అందరికీ తలో దుప్పటి ఉంది కాబట్టి మీకు బొంత తెలీదు. మా చిన్నప్పుడు ఇంటింటికీ నాలుగైదు ఉండేవి. చిరిగిన చీరలూ పంచెలూ ఉతికి ఆరేసి, అడుగున ఒక గట్టి చీర పరిచి, మధ్యలో నాలుగైదు పొరలు చిరిగినవి వేసి, పైన ఇంకో గట్టి చీర కప్పేవారు. ముందు నాలుగు అంచులూ టాకా వేసి, ఆ తర్వాతే వరసలుగా కుట్టాలి. టాకా వెయ్యకుండా మధ్యనుంచి మొదలుపెడితే లోపలి గుడ్డంతా ఒక మూలకి ముద్దయిపోతుంది. కొన్నేళ్ళు కప్పుకున్నాక పై చీర పల్చబడి లోపలి చీరల అంచులు బయటపడేవి. పిల్లలం వేలు పెట్టి, ఇది నాయనమ్మ నీలం చీర, ఇది పెద్దమ్మ పెళ్ళి చీర అని పందాలు వేసుకునేవాళ్ళం.

అలెగ్జాండ్రియా అచ్చం అలాంటి బొంత. అక్కడ మీరు చెయ్యాల్సిందీ ఆ పనే: అంచులు వెతకడం.

అన్నిటికన్నా అడుగు చీర అలెగ్జాండరుది. క్రీ.పూ. 331లో సముద్రానికీ ఒక సరస్సుకీ మధ్య ఉన్న నేల చూసి, ఇక్కడ ఊరు కట్టండన్నాడు. వీధులకు గీతలు గియ్యడానికి సుద్ద చాలక బార్లీ పిండి వాడారట. అంటే ఊరికి ముగ్గు వేశారన్నమాట. వేసీ వెయ్యగానే పక్షులు గుంపులుగా వాలి పిండంతా తినేశాయి. రాజు కంగారుపడితే, భయం లేదు, ఈ ఊరు నలుదిక్కుల జనానికీ అన్నం పెడుతుందని జోస్యులు చెప్పారట. మన వాకిట్లో బియ్యప్పిండి ముగ్గు చీమలు తింటే మంచిదే అంటుందే మీ బామ్మ, అలాగే. ఇంకో తమాషా: అలెగ్జాండర్ పేరు అరబ్బులకు ఇస్కందర్, మనకు సికందర్. సికిందర్ జా నిజాం పేరు మీద 1806లో మీ సికింద్రాబాద్‌కి ఆ పేరు వచ్చింది. అరబీలో అలెగ్జాండ్రియాని ఇస్కందరియ్యా అంటారు. అంటే మీరు ఒక సికందరు ఊరినుంచి ఇంకో సికందరు ఊరికి వెళ్తున్నారు.

ఇక లైట్‌హౌస్. ఊరికి ఎదురుగా ఫారోస్ అనే చిన్న దీవి ఉండేది. క్రీ.పూ. 280 ప్రాంతంలో, అలెగ్జాండరు తర్వాత ఈజిప్టును ఏలిన టోలెమీ రాజులు దాని మీద 100 మీటర్లకు మించిన దీపస్తంభం కట్టించారు. కింద నలుచదరం, మధ్యలో ఎనిమిది పలకలు, పైన గుండ్రం, ఆపైన మంట. 956లో వచ్చిన భూకంపానికి బీటలిచ్చింది. 1303లో, 1323లో వచ్చినవాటికి కూలిపోయింది. రాళ్ళగుట్ట అలాగే పడుంది. 1477లో ఖైత్‌బే అనే సుల్తాను, సముద్రం వైపునుంచి టర్కీ (ఒట్టోమన్) సైన్యం వస్తుందేమోనన్న భయంతో, సరిగ్గా ఆ చోటే కోట కట్టించాడు. రాయికోసం ఎక్కడికో పోవడం ఎందుకు? కాళ్ళ దగ్గర ఉన్నదే ఏరి వాడారు.

కాబట్టి ఖైత్‌బే కోటలోకి వెళ్ళాక ఫొటోల హడావిడి పెద్దవాళ్ళకి వదిలేసి గోడలు చూడండి. గోడ రాయి లేత తేనెరంగు సున్నపురాయి. దాని మధ్య అక్కడక్కడ ఎర్రటి, నల్ల చుక్కలున్న రాయి కనిపిస్తుంది. కొన్నిచోట్ల గుండ్రటి బిళ్ళలా ఉంటుంది. అది బిళ్ళ కాదు, స్తంభం. అడ్డంగా పడుకోబెట్టి గోడలో దూర్చారు, మీకు కనిపించేది దాని చివర మాత్రమే. గోడ బయటి వరసా లోపలి వరసా విడిపోకుండా పట్టుకోవడానికి అలా చేస్తారు. బొంతకు టాకా వేసినట్టే. ఆ ఎర్రరాయి అలెగ్జాండ్రియాలో దొరకదు. వెయ్యి కిలోమీటర్లకు పైగా ఎగువన ఉన్న ఆస్వాన్ నుంచి నైలు మీద పడవల్లో వచ్చింది. అక్కడ చెయ్యి ఆనించండి. అదీ పెద్దమ్మ పెళ్ళి చీర.

మిగతా ముక్కలు నీళ్ళలో ఉన్నాయి. అలలనుంచి కోటను కాపాడాలని సముద్రంలో కాంక్రీటు దిమ్మలు దింపుతుంటే, అవి పాత రాళ్ళ మీద పడుతున్నాయని గొడవ లేచింది. అప్పుడు, 1994లో, జాన్-ఈవ్ ఆంపెరర్ అనే ఫ్రెంచి పురావస్తు నిపుణుడి బృందం దిగి చూస్తే అడుగున వేలకొద్దీ రాతిముక్కలు: స్తంభాలు, సింహికలు (సింహం ఒళ్ళు, మనిషి తల ఉన్న బొమ్మలు), విగ్రహాలు. కొన్నిటిని పైకి తీశారు. కొత్త లైబ్రరీ ముందు నిలబడ్డ పెద్ద రాజు విగ్రహం అలా నీళ్ళలోంచి లేచి వచ్చినదే. దాని పాదాల దగ్గర నిలబడి తల ఎత్తి చూడండి.

ఈ ఊళ్ళో పేర్లు మాత్రం నమ్మకండి. పాంపే స్తంభం అంటారు. పాంపే అనే రోమన్ సేనానికీ దానికీ ఏ చుట్టరికమూ లేదు, అది డయోక్లీషియన్ అనే రోమన్ చక్రవర్తి కోసం నిలబెట్టింది. 20 మీటర్ల పొడవున ఒకే రాయి, మళ్ళీ ఆ ఆస్వాన్ ఎర్రరాయే. క్లియోపాత్రా సూదులు అని రెండు రాతి స్తంభాలు ఉండేవి. అవి క్లియోపాత్రా కన్నా పధ్నాలుగు వందల ఏళ్ళు పెద్దవి. రోమన్లు హీలియోపొలిస్ అనే ఊరినుంచి పీకి తెచ్చి ఇక్కడ పెట్టుకున్నారు. బొంత కుట్టాక సూది ఇంట్లో ఉంటుందా, పక్కింటివాళ్ళు అడిగి పట్టుకుపోతారు! ఒకటి 1878లో లండన్ చేరింది, రెండోది 1881లో న్యూయార్కులో నిలబడింది. అవి ఉన్న చోటు రమ్ల్ స్టేషన్ దగ్గర. సూదులు లేని ఆ చోట నిలబడటానికి టికెట్ అక్కర్లేదు.

కోమ్ అల్ షుకాఫా తప్పకుండా చూడండి. భూమి కింద తొలిచిన సమాధుల మేడ అది. 1900లో ఒక గాడిద నేల కుంగి లోపల పడితే బయటపడిందని చెబుతారు. మెట్లబావిలా చుట్టూ తిరుగుతూ దిగాలి. మెట్లు అరిగి ఉంటాయి, లోపలిగాలి చెమ్మ. చెప్పులు కాకుండా గట్టి పట్టున్న బూట్లు వేసుకోండి. లోపల గుమ్మం పక్కన నక్క తల దేవుడు అనూబిస్ కనిపిస్తాడు. ఆయన ఈజిప్టు దేవుడు, వేసుకున్నది రోమన్ సిపాయి బట్టలు! రెండు రకాల గుడ్డలు ఒక్క కుట్టుతో కలిసిన చోటు ఇంతకంటే స్పష్టంగా ఇంకెక్కడా దొరకదు.

ఊరి మధ్యలో నబీ దానియల్ వీధి ఉంది. ఆ వీధిలోనూ దాని పక్క సందుల్లోనూ కొద్ది నిమిషాల నడకలోనే ఒక మసీదు, ఈజిప్టు క్రైస్తవుల (కాప్టులంటారు) పెద్ద చర్చి, 2020లో బాగుచేసి మళ్ళీ తెరిచిన యూదుల ప్రార్థనా మందిరం ఉన్నాయి. కాలిబాట మీద పాత పుస్తకాల దుకాణాలు. అబిడ్స్ ఆదివారం గుర్తొస్తుంది. సముద్రం వైపు వెళ్తే అబుల్ అబ్బాస్ మసీదు. అందులో సమాధి ఉన్న పీరు స్పెయిన్‌లోని ముర్సియానుంచి వచ్చినవాడు, ఇప్పటి కట్టడానికి నమూనా గీసింది మారియో రోస్సి అనే ఇటలీవాడు. మసీదులోకి వెళ్ళేటప్పుడు చంటీ, తలకు చున్నీ, మోకాళ్ళు దాటే బట్టలు. శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళ చూడ్డానికి వెళ్ళకండి.

ఇలా కలిసి ఉండటం ఈ ఊరికి కొత్తేమీ కాదు. దాదాపు 1,900 ఏళ్ళ కిందట ఇక్కడి జనంతో మాట్లాడిన గ్రీకు వక్త దియో క్రిసోస్తమ్, తన ముందున్నవాళ్ళలో కొద్దిమంది భారతీయులు కూడా ఉన్నారన్నాడు. మిరియాల వ్యాపారులై ఉంటారు. మన సరుకు ఎర్రసముద్రం ఒడ్డున దిగి, ఒంటెల మీద ఎడారి దాటి, నైలు మీదుగా ఇక్కడికే చేరేది.

1956 జులై 26న ఈ ఊళ్ళోని మన్షియా చౌకులోనే, సూయెజ్ కాలువను జాతీయం చేశామని ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ ప్రకటించాడు. ఆ ఏడాది చివర యుద్ధం వచ్చింది. తరాలుగా ఇక్కడే పుట్టి పెరిగిన యూదులు, గ్రీకులు, ఇటలీవాళ్ళు ఆ తర్వాత చాలామంది వెళ్ళిపోయారు, కొందరిని వెళ్ళగొట్టారు. కొన్ని మిఠాయి దుకాణాల మీద వాళ్ళ పేర్లు మాత్రం మిగిలాయి. ఇక్కడ నా బొంత పోలిక పనికిరాదు. కుట్టు విప్పితే గుడ్డకు నొప్పెయ్యదు. ఆ బోర్డులు చదివేటప్పుడు, అవి ఎవరి ఇంటిపేర్లో కొంచెం ఆలోచించండి.

ఇప్పుడు మీకు పనికొచ్చే నాలుగు ముక్కలు.

కైరోలో రామ్‌సెస్ స్టేషన్లో రైలెక్కాలి. 208 కిలోమీటర్లు, మంచి రైలైతే రెండున్నర నుంచి మూడు గంటలు. ఈ దారి 1856 నాటికే పూర్తయింది. అలెగ్జాండ్రియాలో ముందు సీదీ గాబర్ స్టేషన్ వస్తుంది. అందరూ దిగుతున్నారని మీరూ దిగకండి; పాత ఊరికి దగ్గర చివరిదైన మస్ర్ స్టేషన్.

రైలు పెట్టె నంబరు, సీటు నంబరు, కూరగాయల బండి మీద ధర, అన్నీ అరబీ అంకెల్లో ఉంటాయి. అమ్మానాన్నల కన్నా మీరే తొందరగా నేర్చుకోగలరు. మన సున్నాలా ఉండేది 5. వాళ్ళ సున్నా ఒక చుక్క. అంటే సున్నా పక్కన చుక్క ఉంటే 50! మన 7లా కనిపించేది 6. 7 లోయలా ఉంటుంది, 8 కొండలా ఉంటుంది. 1, 9 మనకు తెలిసినట్టే ఉంటాయి. అక్షరాలు కుడినుంచి ఎడమకు చదివినా, అంకెలు మాత్రం మనలాగే ఎడమనుంచి కుడికి. తడబడేది ఇక్కడే. వీటిని అరబ్బులు 'హిందీ అంకెలు' అంటారు, మననుంచి వెళ్ళాయి కాబట్టి.

వాన సంగతి. ఈజిప్టంటే ఎండే అనుకుని స్వెట్టర్లు మానేస్తారేమో, వద్దు. చలికాలంలో సముద్రం మీదనుంచి గాలివానలు వస్తాయి. ఒక్కోదాన్నీ 'నవ్వా' అంటారు. నవ్వకండి, దాని పేరే అంత. మనకు కార్తెలున్నట్టు వాళ్ళకు నవ్వాలకు పేర్లూ తేదీలూ ఉన్నాయి: నవంబరు మధ్యలో 'చీపురు' నవ్వా, డిసెంబరు మొదట్లో కాసిమ్, కొత్త సంవత్సరానికి 'ఏడాది తల', జనవరి మధ్యలో 'పెద్ద పొంగు'. మన కార్తెల్లాగే రెండు మూడు రోజులు అటూ ఇటూ అవుతాయి. నవ్వా వచ్చిన రోజు అలలు గోడ దాటి తీరం రోడ్డు మీద పడతాయి. కోట సరిగ్గా ఆ గాలికి ఎదురుగా ఉంటుంది. కాబట్టి మొదటి రోజు గాలి లేకపోతే ముందు కోట చూసెయ్యండి. గాలి ఉంటే 2023లో మళ్ళీ తెరిచిన గ్రీకు-రోమన్ మ్యూజియంలోకి దూరండి. గొడుగు తిరగబడుతుంది, రెయిన్‌కోటు పెట్టుకోండి. బుజ్జీ, ఉప్పు తుంపర కళ్ళద్దాల మీద పడితే పొడిగుడ్డతో రుద్దకు, గీతలు పడతాయి. ముందు మంచినీళ్ళు పొయ్యి.

టికెట్లు చాలాచోట్ల విదేశీయులకు కార్డు మీదే ఇస్తున్నారు. నోట్ల కట్ట ఉంది కదా అని నాన్న ధీమాగా వెళ్తే వెనక్కి తిరగాల్సొస్తుంది. మీ స్కూలు గుర్తింపు కార్డులు కూడా పట్టుకెళ్ళండి, విద్యార్థుల ధర వేరు.

పొద్దున్నే ఫూల్ తినండి: ఒక రకం పెద్ద చిక్కుడు గింజలు రాత్రంతా సన్నసెగ మీద ఉడికించి, నూనె, నిమ్మరసం, జీలకర్రతో ఇస్తారు. మన వడలాంటి తామియాకీ ఆ గింజలే. ఒక్క జాగ్రత్త: జి6పిడి అనే ఎంజైము లోపం పుట్టుకతో ఉన్నవాళ్ళు ఆ గింజ ముట్టకూడదు, రక్తకణాలు చితికిపోతాయి. మీ ఇద్దరి సంగతీ అమ్మను అడగమనండి, డాక్టరు చెబుతారు. కొషరీ కూడా తినండి: అన్నం, మసూర్ పప్పు, మాకరోనీ, పైన వేయించిన ఉల్లిపాయ. ఇది మన కిచిడీ బిడ్డే అని చాలామంది అంటారు. తిని చూసి తేల్చండి.

చివరిరోజు లైబ్రరీకి. పాత లైబ్రరీ రోజుల్లో రేవులోకి వచ్చిన ఓడల్లో పుస్తకాలుంటే రాజుగారి మనుషులు తీసుకుని నకలు రాయించి, నకలు ఓడవాళ్ళకిచ్చి అసలు తాము ఉంచుకునేవారట! మీరు మాత్రం ఎవరి పుస్తకాలతోనూ ఆ పని చెయ్యకండి. ఆ లైబ్రరీ ఆనవాలు లేదు. 2002లో తెరిచిన కొత్తది, సముద్రం వైపు వాలిన పెద్ద పళ్ళెంలా ఉంటుంది. లోపలికి సంచులు తీసుకెళ్ళనివ్వరు, గేటు దగ్గర ఇచ్చెయ్యాలి. కానీ లోపలికి పోయేముందు వెనకవైపు వంపు గోడ దగ్గరికి నడవండి. అదీ ఆస్వాన్ రాయే. దాని మీద ప్రపంచంలోని 120 లిపుల అక్షరాలు చెక్కారు, ఏ వరసా లేకుండా, ఒకదాని పక్కన ఒకటి.

మన అక్షరం ఉందేమో వెతకండి. తలకట్టు కోసం చూడండి, ఉంటే తొందరగా పట్టేస్తారు. పొద్దునగానీ సాయంత్రంగానీ వెళ్ళండి. వెలుగు పక్కవాటుగా పడితేనే చెక్కిన గీతల్లో నీడ నిలుస్తుంది. ఎండ ఎదురుగా పడితే గోడంతా ఒక్కలాగే కనిపిస్తుంది.

మీ
తాతయ్య