బజీన్ ముద్దకు చిల్లెందుకు?

పిల్లలూ,

మొన్న ఫోన్‌లో "తాతా, లిబియాలో ఏం తినేవాడివి?" అని అడిగితే "సంకటి లాంటిదే" అనేసి పెట్టేశాను. ఆ తర్వాత ఆలోచిస్తే అది సగం అబద్ధమే అనిపించింది. అందుకే ఈ ఉత్తరం.

దాని పేరు బజీన్. బార్లీ పిండితో చేస్తారు. మీకు ఒళ్ళు వెచ్చబడితే అవ్వ కాచి ఇస్తుందే, ఆ బార్లీయే. మన పాతవాళ్ళు యవలు అనేవాళ్ళు. లిబియాలో వానలు బాగా తక్కువ. గోధుమ తట్టుకోలేని ఎండను, ఉప్పు నేలను బార్లీ తట్టుకుంటుంది. మన సీమలో కొర్రలు ఎందుకు నిలిచాయో అక్కడ బార్లీ కూడా అందుకే నిలిచింది.

1980లలో నేను అక్కడ ఒక కట్టడాల కంపెనీలో వడ్రంగిని. మాతో పనిచేసే లారీ డ్రైవరు, ఆ ఊరి పెద్దాయన, ఓ శుక్రవారం మమ్మల్ని నలుగురిని ట్రిపోలీకి ఆగ్నేయాన తర్హూనా దగ్గరున్న ఆలివ్ తోటకు తీసుకెళ్ళాడు. శుక్రవారం అక్కడ సెలవు. ఇళ్ళకు పిలిచినా పరాయి మగవాళ్ళం వంటింట్లోకి పోలేం కదా. తోటలో మగవాళ్ళే వండారు కాబట్టి మొదటి నుంచీ చూడగలిగాను.

ముందు షేర్వా పొయ్యెక్కింది. ఆలివ్ నూనెలో ఉల్లిపాయలు, గొర్రె మాంసం, డబ్బాలోని చిక్కటి టమాటా ముద్ద, కారం, పసుపు. ఆపైన ఎవరో గుప్పిట్లోంచి మెంతులు వదిలారు. ఆ వాసనకు మా నలుగురికీ ఒకేసారి ఇల్లు గుర్తొచ్చింది. మాంసం సగం ఉడికాక తొక్క తీసిన బంగాళదుంపలు ముక్కలు చేయకుండా వేశారు. కోడిగుడ్లు వేరే ఉడికించారు. చలికాలంలో ఉప్పు పట్టించి ఎండబెట్టిన మాంసంతోనూ చేస్తారట, అంటే మన ఒట్టి తునకలన్నమాట. సముద్రం పక్క ఊళ్ళలో చేపలతో చేస్తారు.

ఇక పిండి. ఈ పని ఆ డ్రైవరు పెద్దాయనే చేశాడు. బార్లీ పిండిలో కాస్త గోధుమ పిండి, ఉప్పు కలిపి గట్టిగా పిసికి, అరచేయంత మందపాటి ముద్దలు చేసి, ఒక్కోదానికీ బొటనవేలితో మధ్యలో చిల్లు పెట్టాడు. అచ్చం గారెలే! మరుగుతున్న ఉప్పునీళ్ళలో దాదాపు గంటసేపు ఉడికించాడు. చిల్లు అందం కోసమేమో అనుకున్నాను. తర్వాతెప్పుడో రూములో నేనే చేయబోయి, చిల్లు పెట్టకుండా వేశాను. పైన గంజి, లోపల పొడి పిండి. వేడి నడిమిదాకా పోవడానికే ఆ చిల్లు.

అసలు పని ఆ తర్వాతే ఉంది. ఉడికిన నీళ్ళు పక్కకు వంచి దాచుకున్నాడు. గిన్నెను నేల మీద పెట్టి, కదలకుండా రెండు పాదాలతో బిగించి పట్టి కూర్చున్నాడు. చేతిలో మగ్రఫ్ అనే లావుపాటి కర్ర. వడ్రంగిని కదా, నా కన్ను ముందు దాని మీదే పడింది. పట్టుకునే చోట అరిగి నున్నగా మెరుస్తోంది. దాంతో ముద్దల్ని నలిపి, మెదిపి, గిన్నె గోడకేసి అదిమి తిప్పాడు. బిగుసుకుంటే దాచిన నీళ్ళు కాసిని పోశాడు. సంకటిలో మనం మరిగే ఎసట్లో పిండి పోసి కెలుకుతాం. వీళ్ళు ముద్దను ముందు ఉడికించి, తర్వాత మెదుపుతారు. గోధుమ పిండికి ఉండే సాగుడు బార్లీకి లేదు. మెత్తబడ్డ పై భాగం, గట్టిగా ఉన్న లోపలి భాగం ఒకటి కావాలంటే రెక్కల బలమే దిక్కు. నేనూ ఓ చెయ్యి వేశాను. పది నిమిషాలకే భుజం పట్టేసింది. ఆయన మాత్రం మాట్లాడుకుంటూనే తిప్పాడు!

ఉండ కనబడకుండా అయ్యాక, తడి చేత్తో నున్నగా గోపురంలా చేసి పెద్ద పళ్ళెం నడుమ నిలబెట్టాడు. చుట్టూ షేర్వా పోసి, మాంసం, దుంపలు, గుడ్లు సర్దాడు. అందరం చేతులు కడుక్కుని ఒకే పళ్ళెం చుట్టూ కూర్చున్నాం.

నేను అలవాటు కొద్దీ చిన్న ముద్ద తీసి, షేర్వాలో ముంచి, నమలకుండా గుటుక్కున మింగాను. ఆయన నవ్వి, తన వైపున్న అంచు నుంచి కొంచెం తుంచి, షేర్వాలో వేళ్ళతో బాగా పిసికి, అప్పుడు నోట్లో పెట్టుకుని చూపించాడు. ఎవరి ముందున్నది వాళ్ళే తినాలి, ఎదుటివాడి వైపు చెయ్యి చాచకూడదు. అలా అన్ని వైపుల నుంచీ తింటుంటే గోపురం సన్నబడుతూ వస్తుంది. మంచి మాంసం ముక్కలు మాత్రం ఆయనే ఏరి మా వైపు తోస్తూ ఉన్నాడు. తనకేం మిగిలిందో నేను చూడలేదు, ఆకలి అలాంటిది.

సెలవుల్లో వచ్చినప్పుడు చేద్దాం. అంగట్లో దొరికే తెల్ల బార్లీకి పైపొర తీసేసి ఉంటారు. వాళ్ళ పిండి ఇంకాస్త ముదురు రంగు. పొర తీయని గింజలు దొరికితే మర పట్టించి తెమ్మని మీ నాన్నకు చెప్పండి. చింత కట్టె ఒకటి దొరికింది, కర్ర నేను చెక్కుతున్నాను. గిన్నె పట్టుకోవడానికి మాత్రం మీ కాళ్ళే కావాలి. నా మోకాళ్ళు ఇప్పుడు నేల మీద కూర్చోనివ్వవు.

మీ
తాత