బీరువాలోని పాత రిజిస్టర్లు

ప్రియమైన సండే స్కూల్ పిల్లలకు,

శ్రీకాకుళం నుంచి తాత రాస్తున్న ఉత్తరం. పోయిన ఆదివారం మీలో ఒకరు అడిగారు, "తాతా, ఫోన్లో ఫొటోలు తీసేసి మన చర్చి బీరువాలోని ఆ పాత రిజిస్టర్లు పారేయొచ్చు కదా?" అని. అప్పుడే ఆరాధన మొదలైంది, జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్తాను.

అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ప్రెస్బిటేరియన్లు అనే క్రైస్తవ శాఖవాళ్ల చరిత్ర సంఘం ఒకటుంది. 1852లో పెట్టారు. ఊరూరి చర్చిల మినిట్స్ పుస్తకాలు (సభల్లో జరిగిన నిర్ణయాలు రాసేవి), బాప్తిస్మం రిజిస్టర్లు, మిషనరీల ఉత్తరాలు అక్కడ దాస్తారు. మూతపడిన చర్చిలవి కూడా. ప్రెస్బిటర్ అంటే గ్రీకులో పెద్ద అని అర్థం. వాళ్ల చర్చిని నడిపేది సంఘపెద్దలే. ఆ పెద్దల సభ పేరు సెషన్. అక్కడ ఏ నిర్ణయం జరిగినా పుస్తకంలో ఎక్కాలి. ఆ పుస్తకాన్ని పై సభ అయిన ప్రెస్బిటరీ ఏటా తెప్పించుకుని చూస్తుంది. ఈ పద్ధతి నాకెంతో నచ్చింది. పేజీ పోతే అడిగేవాళ్లున్నారు!

మనది కెనడా మిషనరీల కాలం నాటి బాప్టిస్టు సంఘం. మన నిర్ణయాలు మనవే, పైనుంచి వచ్చి పుస్తకం చూసేవాళ్లు లేరు. ఆ స్వేచ్ఛ మంచిదే, కానీ పుస్తకం పాడైతే అడిగే దిక్కు ఉండదు. కెనడా బాప్టిస్టుల కాగితాలకు అక్కడ హామిల్టన్‌లో ఒక భద్రమైన చోటుంది. మన ముత్తవ్వల పేర్లకు మాత్రం మన బీరువా ఒక్కటే.

మా అమ్మ సంగతి చెప్తాను. రేషన్ కార్డు మా నాన్న పేరు మీద ఉండేది, పొలమూ అంతే. ఓటరు కార్డులు రాకముందే ఆవిడ పోయింది. ఆవిడ పేరు కాగితం మీద ఉన్నది ఒక్కచోటే, మన బాప్తిస్మం రిజిస్టర్లో.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది కదా, ఆ రోజు బీరువాలోకి నీళ్లు దిగాయి. టెన్షన్‌లో నేనే ఆ పుస్తకాలను ఎండలో పెట్టాను. అట్టలు వంగిపోయాయి, సిరా వెలిసింది, పేజీలు అతుక్కుపోయాయి. విడదీయబోతే చిరిగాయి. అమ్మ పేరున్న పేజీ దక్కింది, దాని పక్కది దక్కలేదు. ఎవరెవరి అమ్మలున్నారో అందులో.

తడిసిన పుస్తకాన్ని నీడలో, ఫ్యాను గాలికి ఆరబెట్టాలి. పేజీల మధ్య తెల్లకాగితాలు పెట్టి, అవి తడిసినకొద్దీ మారుస్తుండాలి. న్యూస్‌పేపర్ పెడితే దాని సిరా అంటుకుంటుంది. రెండు రోజులు ఆలస్యమైతే బూజు పడుతుంది. చిరిగినచోట సెల్లోటేప్ వేయకండి, దాని జిగురు పసుపు మరకై ఇక వదలదు. లామినేషన్ అసలే వద్దు.

ఫొటోలు తప్పకుండా తీయండి. ఏ పుస్తకం, ఎన్నో పేజీ అన్నది ప్రతి ఫొటోకూ రాసిపెట్టి, రెండు మూడు చోట్ల దాచండి. ఫోన్లు మారుతుంటాయి, ఫొటోలు ఎక్కడో పోతాయి. పుస్తకం ఉంటే మళ్లీ తీసుకోవచ్చు.

శనివారం సాయంత్రం చర్చికి రండి. చేతులు కడుక్కుని, తుడుచుకుని రండి. పెన్నులు ఇంట్లోనే ఉంచి తలా ఒక పెన్సిలు తెచ్చుకోండి. తుప్పు పట్టిన గుండుసూదులు నేను తీస్తాను, మీరు పేర్లు చదివి నోట్‌బుక్‌లో ఎక్కించండి. అతుక్కున్న పేజీల జోలికి మాత్రం ఇప్పుడే వెళ్లొద్దు.

ప్రేమతో,
మీ తాత