ఊదకు ఇత్తనం ఎవరు ఏరిండ్రు?

బిడ్డలారా,

పాకాల చెరువు ఆయకట్టు కింద వరి మడి చూసొచ్చిన పిల్ల ఒకతి రాసింది: "తాతా, మిరప ఇత్తనం మీరు ఏరుతరు. మరి ఊదకు ఇత్తనం ఎవరు ఏరిండ్రు?"

ఊద అంటే వరి మడిల మొలిచే కలుపు గడ్డి. ముందు మిరప సంగతి. మన చపాట మిర్చి పొట్టిగా, లావుగా టమాట లెక్క ఉంటది. రంగు ఎక్కువ, కారం తక్కువ. 2025లో దానికి జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా ప్రాంతం పంటే అని చెప్పే గుర్తింపు, వచ్చింది. ఆ కాయ అట్ల నిలిచిందంటే రైతులు ఏటేటా ఏరబట్టే. గట్టు పక్కది వదిలి చేను నడుమ చెట్టునే చూడాలె. పెంట పడ్డ చోట కాయ పెద్దగానే కాస్తది గాని ఆ పెద్దతనం ఎరువుది, గింజలకు దిగదు. రోగం లేని చెట్టుకు ముందే దారం కట్టి, బాగా పండినంకనే తెంపాలె. దగ్గర్ల వేరే మిరప ఉంటే తేనెటీగలు పుప్పొడి కలుపుతయి, మరుసటేడు కాయ తీరు మారుతది. అందుకే ఇత్తనం చేనుకు కనీసం 200 మీటర్ల ఎడం. మా చిన్నతనంలో ఇత్తనం జొన్న కంకులు దూలానికి వేలాడేవి, కరువొచ్చినా వాటిని ముట్టేటోళ్లు కాదు.

ఇక ఊద. ఇంట్ల బియ్యం బాగుచేసేది చూడండి. వేలితో రాయి ఏరుడు మిరప పద్ధతి, జల్లెడ పట్టుడు ఊద పద్ధతి. జల్లెడకు కండ్లు లేవు, నూక మీద పగ లేదు. బొక్క ఎంతుంటే అంత జారుతది. కలుపు తీసే చెయ్యి కూడా జల్లెడే. ఎర్ర మొదలుతో పక్కకు పరుచుకున్న ఊద కండ్లబడుతది, పీకుతం. పచ్చ మొదలుతో వరి లెక్క నిటారుగా నిలిచింది తప్పించుకొని గింజ రాలుస్తది. జల్లెడ పోలిక ఇక్కడ ఆగిపోతది: జల్లెడలో మిగిలిన బియ్యం పిల్లల్ని కనవు, మడిలో మిగిలిన ఊద కంటది, తన పోలికనే ఇస్తది. చైనాలో యాంగ్జీ నది మళ్లలో ఊద ఈ వేషం కట్టి సుమారు వెయ్యేండ్లయిందని దాని జన్యువులు చదివినోళ్లు లెక్కగట్టిండ్రు. వేషం కట్టాలని ఊద అనుకోలేదు, మనం కోరనూ లేదు.

కొడవలి ఇంకో జల్లెడ. అడవి వరి పండంగనే రాలుతది. కంకిని వదలని గింజే ఇంటికి చేరి మళ్ల నారుమడికి పోయింది, అట్ల మన వరి రాలుడు మానింది. ఊద మాత్రం కోతకు ముందే రాలి మట్టిల దాగితేనే బతికింది. ఒకే మడి, ఒకే కొడవలి, గుణాలు మాత్రం ఒకదానికొకటి ఎదురు! తొలి రైతు వరిని తెలిసి ఏరిండో, తెలువక ఏరిండో, ఆ గీత ఎక్కడ గీయాలె?

పత్తిల గులాబీ రంగు పురుగు బీటీకి, అంటే పురుగును చంపే గుణం చెట్టులోనే పెట్టిన పత్తికి, అలవాటు పడ్డదంటరు. ఏ పురుగూ అలవాటు పడలేదు. తట్టుకోలేనివి చచ్చినయి, తట్టుకున్నవి గుడ్లు పెట్టినయి. చేను చుట్టూ ఐదు సాళ్లు మామూలు పత్తి వేయమన్నది అందుకే. బీటీని తట్టుకోలేని పురుగులు కూడా కొన్ని బతికి, తట్టుకున్నవాటితో జతకట్టాలని, పిల్లలల్ల ఆ తట్టుకునే గుణం తొందరగా పెరగొద్దని.

నాట్లేసిన 20 రోజులకు మడికి పోండి. ఆకు కాండాన్ని విడిచే చోట వరికి పలుచని తెల్ల నాలుక, పక్కన వెంట్రుకల చెవులు ఉంటయి. ఊదకు అక్కడ ఏమీ ఉండదు. పది మొక్కలు అట్ల చూసినంక, కలుపు తీసే అవ్వను పిలిచి చూపించండి. ఆమె నాలుక చూడకుండనే చెప్తది. ఎట్ల గుర్తుపట్టిందో అడిగి నాకు రాయండి.

మీ తాత