సత్యోపదేశం చెప్పే వాలంటీర్లు: అపోహలు - వాస్తవాలు

పిల్లలకు సత్యోపదేశం, అంటే కతోలిక విశ్వాస పాఠాలు, చెబుతామని బడులు తెరిచే జూన్‌లో ఉత్సాహంగా పేర్లిచ్చిన యువతీయువకులలో చాలామంది కొన్ని నెలలు తిరిగేసరికి "నా వల్ల కావడం లేదు ఫాదర్" అని తప్పుకోవడం మా విచారణలో (ఒక గురువు చూసుకునే గుడి పరిధిలో) తరచుగా చూస్తున్నాను. వారికి తెలివి గానీ భక్తి గానీ తక్కువై కాదు, తమది కాని బరువును నెత్తిన పెట్టుకోవడం వల్లనే అలా జరుగుతోంది.

అపోహ: పిల్లల విశ్వాసమంతా ఆదివారం పూజ తర్వాత మనం చెప్పే ఆ గంట మీదే ఆధారపడి ఉంది.

వాస్తవం: శ్రీసభ (కతోలిక సంఘం) చట్టం అలా అనలేదు. మాటతోనూ మాదిరితోనూ పిల్లలను విశ్వాసంలో పెంచే బాధ్యత అందరికంటే ముందు తల్లిదండ్రులదని, జ్ఞానస్నానంలో బిడ్డకు అండగా నిలిచే జ్ఞానతల్లిదండ్రులకూ అంతే బాధ్యత ఉందని 774వ అధికరణం చెబుతుంది. విచారణలో సత్యోపదేశం సాగేలా చూడవలసినవారు విచారణ గురువులని, వారు ఇతరుల తోడ్పాటు తీసుకోవాలని 776వ అధికరణం అంటుంది. మన స్థానం ఆ తోడ్పాటులో ఉంది. సాయంకాల ప్రార్థన లేని ఇంటి నుంచి వచ్చిన పిల్లవాడు యేసు నేర్పిన పరలోక జపం మరచిపోతే, అది తన బోధనలోని లోపమేనని కుమిలిపోయే టీచర్లను చూస్తే నాకు జాలి కలుగుతుంది.

ప్రథమ దివ్యసత్ప్రసాదానికి (పూజలో క్రీస్తు శరీరంగా ఇచ్చే రొట్టెను తొలిసారి స్వీకరించడానికి) సిద్ధమవుతున్న ఒక పాప, ఎన్ని వారాలు చెప్పినా విశ్వాస సంగ్రహమనే జపాన్ని సగంలో ఆపేసి, జడ కొస నోట్లో పెట్టుకుని గోడ వైపు చూసేది. తల్లిదండ్రులు ఆదివారం కూడా పనికి పోయేవారు. ఇంట్లో ఉండే అమ్మమ్మను కలిసి, రాత్రి పడుకునే ముందు పాప చేత చెప్పించమని కోరితే, "అక్షరం ముక్క రానిదాన్ని, నాకేం వచ్చు?" అంటూనే ఆమె తన చిన్ననాడు ఉపదేశిగారి దగ్గర నేర్చుకున్న రాగంతో ఆ జపాన్ని పొల్లు పోకుండా అప్పజెప్పింది. ఈస్టర్‌కు ముందు వచ్చే తపస్సుకాలం ముగిసేలోగా పాప కూడా అదే రాగం తీస్తూ చెప్పసాగింది. అందువల్ల కొత్తగా చేరినవారికి పుస్తకం తెరవకముందే పిల్లల ఇళ్లకు ఒకసారి వెళ్లి రమ్మని చెబుతున్నాను.

అపోహ: ఇకపై పీఠాధిపతులు (బిషప్పులు) నియమించినవారే సత్యోపదేశం చెప్పాలి.

వాస్తవం: ఈ పుకారును ఎవరు పుట్టిస్తారో తెలియదు. ఫ్రాన్సిస్ పాపుగారు (పోప్) 2021 మే 10న సత్యోపదేశకుల పరిచర్యను, అంటే పీఠాధిపతులు నియమించే సేవను, స్థాపించిన మాట నిజమే. అయితే పిల్లలను దివ్యసత్ప్రసాదం వంటి సంస్కారాలకు సిద్ధం చేసే ప్రతి ఒక్కరూ ఆ పరిచర్యలో నియమితులు కానక్కరలేదని, ఏటా తరగతుల ఆరంభంలో వారికి శ్రీసభ తరఫున బహిరంగంగా ఆ పని అప్పగించాలని తరువాత వెలువడిన మార్గదర్శకాలే చెప్పాయి.

అపోహ: ఏడెనిమిదేళ్ల పిల్లలకు ఇవేమీ అర్థం కావు.

వాస్తవం: దివ్యసత్ప్రసాదానికి మామూలు రొట్టెకు తేడా తెలిసి, వయసుకు తగినంత గ్రహిస్తే చాలునని పునీత పదవ పియుస్ పాపుగారి కాలంలోనే, 1910లో తేల్చేశారు.

పిల్లలడిగే ప్రతి ప్రశ్నకూ అప్పటికప్పుడు జవాబివ్వాలన్న నియమమూ లేదు. వచ్చే వారం చెబుతానంటే సరిపోతుంది, కాకపోతే చెప్పి తీరాలి. పరీక్షలో, పురుడో, ఉద్యోగమో అడ్డు వచ్చినవారు మానేయవలసిన పని లేదు. ముందుగా ఫాదర్‌గారితో గానీ సిస్టర్లతో గానీ మాట్లాడితే తరగతిని ఇద్దరు పంచుకునే ఏర్పాటు చేసుకోవచ్చు.