చుక్క మందు వెనుక శాస్త్రం: కన్ను, చెవి రోగులకు నర్సింగ్ సంరక్షణ

మెహదీపట్నంలోని సరోజినీ దేవి కంటి ఆసుపత్రిలో గాని, కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రిలో గాని డాక్టరు ఒక్కో రోగి దగ్గర గడపగలిగే సమయం కొద్ది నిమిషాలే. శుక్లాల ఆపరేషన్ కూడా మామూలుగా అరగంటలోపే ముగుస్తుంది. ఆ తరువాత మాత్రం వారాల తరబడి రోజుకు పలుమార్లు కంట్లో మందు వేయాలి. ఆసుపత్రిలో ఉన్నంతసేపు ఆ పని నర్సుది. ఇంటికి వెళ్లాక, ఆ నర్సు నేర్పి పంపిన కోడలిదో మనవడిదో అవుతుంది. ఆపరేషన్ ఎంత బాగా జరిగినా దాని ఫలితం నిలిచేది ఈ చేతిపని మీదే కనుక, అందులోని ఒక్కొక్క కదలికకు కారణం తెలుసుకోవడం రోగికీ ఇంటివాళ్లకూ ఎంతో మేలు చేస్తుంది.

కింది రెప్పను మెల్లగా లాగినప్పుడు ఏర్పడే చిన్న సంచిలో సుమారు 30 మైక్రోలీటర్ల ద్రవం మాత్రమే నిలుస్తుంది. సీసా నుంచి రాలే ఒక్క చుక్కే 30 నుంచి 50 మైక్రోలీటర్ల దాకా ఉంటుంది. కాబట్టి చుక్క ఒక్కటి పడితే చాలు. రెండోది చెంప మీదికి జారిపోతుంది. రెండు రకాల మందులు రాసి ఉంటే, మొదటిది కొట్టుకుపోకుండా కనీసం 5 నిమిషాలు ఆగి రెండోది వేయాలి. ఆయింట్‌మెంట్ జిడ్డుగా పరుచుకుని తరువాత వేసే చుక్కను లోపలికి పోనివ్వదు కనుక దాన్ని చివర్లో పెట్టాలి. చుక్కను నల్లగుడ్డు మీద వేస్తే రోగి ఉలిక్కిపడి రెప్ప మూసేస్తాడు. సీసా మూతి రెప్పకు తగిలితే క్రిములు సీసాలోకే చేరతాయి.

ముక్కు పక్కన ఉన్న కనుకొలకును వేలితో ఒకటి రెండు నిమిషాలు నొక్కి ఉంచమని సిస్టర్ చెప్పేది మరింత ముఖ్యమైన విషయం. కన్నీటి నాళం అక్కడి నుంచి ముక్కులోకి దిగుతుంది. చుక్కలు వేసిన కాసేపటికి గొంతులో చేదు తగిలేది ఈ దారి వల్లనే. నీటికాసులకు (గ్లాకోమాకు) వాడే టిమోలాల్ అనే చుక్కల మందు ఆ దారిన ముక్కు లోపలి పొరను చేరితే, మింగిన మందులా ముందు కాలేయం గుండా పోకుండా నేరుగా రక్తంలో కలిసి, గుండె వేగాన్ని తగ్గించగలదు, ఉబ్బసం ఉన్నవారికి ఊపిరాడకుండా చేయగలదు. అందువల్ల కంటి మందు వేసే ముందు ఉబ్బసం ఉందా అని అడిగే నర్సు సరైన ప్రశ్నే అడుగుతోంది.

కంటి రోగి ఎవరు వచ్చినా ముందుగా చూపు ఎంత ఉందో పరీక్షించి రాసుకోవడం నియమం. రసాయనం పడ్డ కంటికి మాత్రం ఈ నియమం వర్తించదు. పాన్‌లో వాడే సున్నం ప్యాకెట్టును పిల్లవాడు నొక్కితే అది చిట్లి కంట్లో పడే ప్రమాదం మన ఊళ్లో ఏ వీధిలోనైనా ఉంది. సున్నం క్షారం, కణాల పైపొరలోని కొవ్వును కరిగిస్తూ లోలోపలికి పోతూనే ఉంటుంది. క్షణం ఆలస్యం చేయకుండా, దొరికిన శుభ్రమైన నీటితో కనీసం 15 నుంచి 30 నిమిషాలు కడగాలి. ఆసుపత్రిలో పై రెప్పను తిరగేసి, అక్కడ దాగిన సున్నపు పలుకులను తీసి, పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) మామూలు స్థాయికి వచ్చేదాకా కడుగుతూనే ఉంటారు. దీపావళి రాత్రి టపాసు తగిలి కనుగుడ్డు చిట్లినట్టు అనుమానముంటే చేయవలసింది దీనికి పూర్తిగా వ్యతిరేకం: కడగకూడదు, రుద్దకూడదు, ఒత్తిడి పడే కట్టు కట్టకూడదు; కంటిని తాకకుండా పైన గట్టి కవచం పెట్టి వెంటనే తరలించాలి.

చెవి విషయానికి వస్తే, దాని నాళం పెద్దవాళ్లలో సుమారు రెండున్నర సెంటీమీటర్ల పొడవుండి, వంకర తిరిగి ఉంటుంది. పెద్దవాళ్ల చెవిని పైకీ వెనక్కీ, మూడేళ్లలోపు పిల్లల చెవిని కిందికీ వెనక్కీ లాగితే ఆ వంపు సరై, మందు కర్ణభేరి దాకా చేరుతుంది. సీసాను కాసేపు గుప్పిట్లో పట్టుకుని వెచ్చబరచడానికి ఉన్న కారణం ఒక నోబెల్ బహుమతి కథలో దొరుకుతుంది. వియన్నాలో చెవి వైద్యుడు రాబర్ట్ బారనీ ఒక రోగి చెవిని కడుగుతుంటే, నీళ్లు చల్లగా ఉన్నందువల్లే తనకు కళ్లు తిరుగుతున్నాయని రోగి అన్నాడు. నర్సు ఈసారి బాగా వేడి నీళ్లు తెచ్చింది. రోగికి మళ్లీ కళ్లు తిరిగాయి, అయితే కనుగుడ్ల అదురు ఈసారి సరిగ్గా ఎదురు దిశలో ఉండడాన్ని బారనీ గమనించాడు. లోపలి చెవిలోని అర్ధవృత్తాకార నాళాల్లో ఉండే ద్రవం చల్లబడితే ఒక వైపు, వేడెక్కితే మరో వైపు కదులుతుందని ఆయన గ్రహించాడు. బారనీకి 1914 సంవత్సరపు నోబెల్ బహుమతి లభించింది. చెవి కడిగే నీళ్లు ఒంటి వేడికి సమానంగా, 37 డిగ్రీల దగ్గర ఉండాలనే నియమం వెనుక ఉన్నది ఇదే. కర్ణభేరికి రంధ్రం ఉంటే, లేదా చెవిలో శనగగింజ వంటిది ఇరుక్కుంటే కడగనే కూడదు. గింజ నీటికి ఉబ్బి మరింత బిగుసుకుంటుంది.

అమికాసిన్, జెంటామైసిన్ వంటి యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు లోపలి చెవిలోని సున్నితమైన కణాలను శాశ్వతంగా దెబ్బతీయగలవు. చెవిలో హోరుగా ఉందని రోగి మొదట చెప్పుకునేది రాత్రి డ్యూటీలోని నర్సుతోనే. ఆ మాటను నమోదు చేసి, తరువాతి డోసుకు ముందే డాక్టరుకు చెప్పడం వినికిడిని కాపాడగలదు.

చూపు లేని రోగి గదిలోకి వెళ్లగానే పేరు చెప్పడం, తాకే ముందు మాట చెప్పడం, వెళ్లేటప్పుడు వెళుతున్నానని చెప్పడం కూడా చికిత్సలో భాగమే. వినికిడి తగ్గిన వృద్ధులతో అరిచి మాట్లాడితే మాట వికృతమవుతుంది. వెలుతురు ముఖం మీద పడేలా ఎదురుగా నిలబడి, నిదానంగా చెప్పాలి. ఏ వార్డులోనైనా వృద్ధులకు కళ్లద్దాలు, వినికిడి యంత్రం అందుబాటులో ఉంచితే మతి తప్పి కలవరించే స్థితి తగ్గుతుందని పరిశోధనలు చూపాయి. నగలతో పాటు వాటినీ భద్రంగా ఇంటికి పంపేయడం మంచిది కాదు.

హైదరాబాద్ వార్డుల్లో తెలుగు, ఉర్దూ రెండూ వినిపిస్తాయి కనుక, ఇంటికి పంపేముందు సూచనలను రోగి భాషలో చెప్పి, చుక్క వేసే పనిని తోడు వచ్చినవారి చేత ఒకసారి చేయించి చూడాలి. కంటి చుక్కలు, చెవి చుక్కలు ఒకేలాంటి చిన్న సీసాల్లో వస్తాయి. చెవి మందు కంట్లో పడితే కన్ను దెబ్బతినవచ్చు. చదవలేని వృద్ధుల కోసం చెవి సీసాకు ఒక రబ్బరు బ్యాండు చుట్టి, రెండింటినీ వేర్వేరు చోట్ల పెట్టమని చెప్పాలి.