సెయింట్ ఆండ్రూస్‌లో మనల్ని ఆడనిస్తారా? అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్, వైజాగ్‌లలో గోల్ఫ్ ఆడేవాళ్లను చిన్న చిన్న బృందాలుగా స్కాట్లండ్ తీసుకెళ్లడం నా పని. టీవీలో ఓపెన్ చాంపియన్‌షిప్ (గోల్ఫ్‌లోని పెద్ద టోర్నమెంట్లలో ఒకటి) నడిచే వారం నా ఫోన్ ఆగదు. స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ ఊళ్లో ఉన్న ఓల్డ్ కోర్సు అనే గోల్ఫ్ మైదానం గురించి అందరూ అడిగేది ఒకటే: "ఆ ఓల్డ్ కోర్సులో మనల్ని ఆడనిస్తారా అండీ?" ఆడనివ్వరన్న అనుమానం ఆ గొంతులోనే వినిపిస్తుంది. తప్పు వాళ్లది కాదు. ఉప్పల్ స్టేడియంలో ఆదివారం పూట మన కాలనీ జట్టు ఆడడం మనం ఊహించుకోలేం. ఇదీ అంతేననుకుంటారు. అందుకే నేను తరచూ వినే అపోహలు ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: అది పెద్ద క్లబ్బు. సభ్యత్వమో, సభ్యుల సిఫారసో ఉండాలి.

ఈ అపోహకు కారణం మొదటి టీ (మొదటి దెబ్బ కొట్టే చోటు) వెనకాల ఉన్న రాతి భవనం. టీవీలో ఎప్పుడూ కనిపించే ఆ భవనం రాయల్ అండ్ ఏన్షియంట్ గోల్ఫ్ క్లబ్‌ది. సభ్యులు కానివాళ్లను మామూలుగా లోపలికి రానివ్వరు, అంతవరకు నిజమే. కానీ కోర్సు ఆ క్లబ్బుది కాదు. ఆ నేల ఊరిది. 1552 నాటి పత్రంలోనే ఊరి జనం అక్కడ గోల్ఫ్, ఫుట్‌బాల్ ఆడుకునే హక్కు రాసి ఉంది. 1974లో పార్లమెంటు చట్టం చేసి నిర్వహణను ఒక ట్రస్టుకు అప్పగించింది. ఊరివాళ్లు ఏడాదికోసారి తక్కువ రుసుము కట్టి ఆడుకుంటారు, మనలాంటి బయటివాళ్లం రోజు లెక్కన కడతాం. మన భాషలో చెప్పాలంటే ఊరుమ్మడి నేల.

నమ్మకం కుదరకపోతే ఆదివారం వెళ్లి చూడండి. పెద్ద టోర్నమెంట్లప్పుడు తప్ప ఆదివారం ఓల్డ్ కోర్సులో ఆట ఉండదు. ఆ రోజు అది పార్కు. కుక్కల్ని తిప్పేవాళ్లు, ప్రామ్ తోసుకుంటూ వచ్చే తల్లులు, గడ్డి మీద కూర్చుని శాండ్‌విచ్‌లు తినే ముసలివాళ్లు. టైగర్ వుడ్స్ నడిచిన 18వ ఫెయిర్‌వే (టీ నుంచి హోల్ వైపు సాగే గడ్డి దారి) మీద పిల్లలు పరుగులు పెడుతుంటారు. నేను ఏ బృందాన్ని తీసుకెళ్లినా మొదటి రోజు ఆదివారం అయ్యేలా చూసుకుంటాను. ఆడకుండా 18 హోల్స్ చుట్టూ నడిపిస్తాను. పైసా ఖర్చు లేదు. మర్నాడు ఆడేటప్పుడు ఆ నడకే అక్కరకొస్తుంది.

అపోహ: ప్రొఫెషనల్స్‌లా ఆడగలిగితేనే రానిస్తారు.

హ్యాండిక్యాప్ (ఆటగాడి స్థాయిని చెప్పే అంకె, ఎంత తక్కువైతే అంత మెరుగు) 36 దాకా ఉన్నవాళ్లకు అవకాశం ఉంది. అంటే నిర్ణీత లెక్క కంటే హోల్‌కి సగటున రెండు దెబ్బలు ఎక్కువ కొట్టేవాళ్లన్నమాట. అయితే ఆ హ్యాండిక్యాప్ అధికారికమైనది అయ్యుండాలి. మనవాళ్లు జారిపడేది ఇక్కడే. స్నేహితులంతా కలిసి తేల్చుకున్న హ్యాండిక్యాప్ అక్కడ చెల్లదు. "తమ్ముడూ, మా గ్రూపులో అందరికీ తెలుసు, నాది 14" అని ధీమాగా బయల్దేరిన ఒకాయన చేతిలో కాగితం లేక రెయిలింగ్ ఇవతల నిలబడి మిగతా ముగ్గురి ఆట చూశారు. అప్పట్లో నేను కొత్త, ముందే అడిగి ఉండాల్సింది. ఇప్పుడు పాస్‌పోర్టు కంటే ముందు హ్యాండిక్యాప్ సర్టిఫికెట్ అడుగుతున్నాను.

అపోహ: ఏడాది ముందు ఏజెంటుకు లక్షలు పోయకపోతే టీ టైమ్ (ఆట మొదలుపెట్టడానికి ఇచ్చే సమయం) దొరకదు.

డబ్బు పోగొట్టుకునేది ఈ అపోహతోనే కాబట్టి దీని గురించి కాస్త వివరంగా చెబుతాను.

ముందుగా బుక్ చేసుకునే దారులు ఉన్నాయి. ట్రస్టు గుర్తింపు ఉన్న సంస్థలు హోటల్‌తో కలిపి ప్యాకేజీగా అమ్ముతాయి. ఖరీదు ఎక్కువే, కానీ టైమ్ ఖాయం. అది కాక రోజూ లాటరీ ఉంటుంది, దాన్ని బ్యాలట్ అంటారు. ఆడాలనుకున్న రోజుకు రెండు రోజుల ముందు, మధ్యాహ్నం 2 గంటల లోపు పేర్లు ఇవ్వాలి. కనీసం ఇద్దరు, గరిష్ఠంగా నలుగురు. సాయంత్రానికి ఫలితం వస్తుంది. పేరు వేయడానికి డబ్బు కట్టనక్కర్లేదు, తగిలితేనే ఫీజు. అదీ తక్కువేం కాదు, వేసవిలో 300 పౌండ్లు దాటింది. మన లెక్కలో 30 వేల పైమాటే.

ఒంటరిగా వెళ్లినవాళ్లకు వేరే దారి ఉంది. ముగ్గురున్న బృందంలో నాలుగోవాడిగా కలిపేస్తారు. పూర్వం దీనికోసం అర్ధరాత్రి నుంచే చలిలో వరుసకట్టి కూర్చునేవాళ్లు. సినిమా రిలీజుకు మనవాళ్లు చేసే జాగరణే, కాకపోతే దుప్పట్లు ఎక్కువ. 2024 నుంచి ఆ క్యూ తీసేసి లాటరీ పెట్టారు. ముందు రోజు స్వయంగా వెళ్లి పేరు రాయించుకోవాలి. సెయింట్ ఆండ్రూస్‌కు రైలు లేదు, లూకర్స్ స్టేషన్‌లో దిగి బస్సో టాక్సీయో ఎక్కాలి. ఆ సమయం కూడా లెక్కలో వేసుకోండి.

ఈ మధ్య ఒక డాక్టర్ గారు ఎవరో ఏజెంటు ఇచ్చిన "కన్ఫర్మ్‌డ్" కాగితం నాకు పంపారు. తీరా చూస్తే అది బ్యాలట్‌లో పేరు వేస్తామన్న హామీ మాత్రమే! ఊరకే వేయగలిగే పేరుకు ఆయన బోలెడంత కట్టారు. గంట, నిమిషం రాసి ఉన్న టీ టైమ్ చూడకుండా ఎవరికీ డబ్బు పంపకండి.

నా సలహా అడిగితే ఒక్క రోజు కోసం వెళ్లొద్దంటాను. నాలుగైదు రోజులుండి రోజూ బ్యాలట్ వేయండి. తగలని రోజు పక్కనే ఉన్న న్యూ కోర్సులో ఆడండి. పేరుకే న్యూ, 1895లో కట్టింది. లేదంటే టే నది దాటి కార్నూస్టీ వెళ్లండి, అదీ ఓపెన్ జరిగే కోర్సే, అక్కడా బయటివాళ్లకు టైమ్‌లు ఇస్తారు. ఓపెన్ సెయింట్ ఆండ్రూస్‌కు మళ్లీ 2027లో వస్తోంది. ఆ వేసవికి ప్లాన్ వేసుకునేవాళ్లు తేదీలు చూసుకుని మరీ టికెట్లు కొనండి.

అపోహ: చలికాలం చవక, అప్పుడు వెళ్తే లాభం.

ఫీజు తగ్గుతుంది, నిజమే. కానీ నవంబర్ నుంచి మార్చి దాకా ఫెయిర్‌వే మీద చిన్న మ్యాట్ వేసుకుని దాని మీద బంతి పెట్టి కొట్టాలి, గడ్డి పాడవకుండా. డిసెంబర్‌లో నాలుగింటికల్లా చీకటి. అంతదూరం వెళ్లి మ్యాట్ మీద ఆడతారా, మీ ఇష్టం. జూన్‌లో అయితే రాత్రి పదింటికి కూడా వెలుతురు ఉంటుంది.

అపోహ: క్యాడీ దండగ, కార్ట్ (కోర్సులో తిరిగే చిన్న బండి) తీసుకుంటే సరిపోతుంది.

అనారోగ్య కారణాలుంటే తప్ప కార్ట్ ఇవ్వరు. నడవాల్సిందే. క్యాడీని మాత్రం బ్యాగు మోసే మనిషి అనుకోకండి. బంకర్లు, అంటే ఇసుక గుంటలు, ఎక్కడున్నాయో మీకు కనపడవు, ఆయనకు తెలుసు. "ఆ చర్చి శిఖరం చూసి కొట్టండి" అంటే కొట్టడమే. వాదించినవాళ్ల బంతులు ఇసుకలో వెతికాం.

అపోహ: టీవీలో చూశాం, చదునుగా ఉంది, చెట్లు లేవు, నీళ్లు లేవు. మన కోర్సులే కష్టం.

మొదటి రోజు నడిపిస్తానన్నాను కదా, దీనికోసమే. కెమెరా నేలను ఇస్త్రీ చేసినట్టు చూపిస్తుంది. అక్కడ నిలబడితే తెలుస్తుంది, ఫెయిర్‌వే అంతా దుప్పటి కింద పిల్లలు పడుకున్నట్టు గుట్టలు గుట్టలుగా ఉంటుంది. 112 బంకర్లు. చాలావాటిని టీ మీద నుంచి చూడలేం. 2000లో టైగర్ వుడ్స్ నాలుగు రౌండ్లూ ఒక్క బంకర్‌లో కూడా పడకుండా ఓపెన్ గెలిచాడు. అక్కడ ఒకసారి ఆడినవాళ్లకు గానీ అదెంత మాటో అర్థం కాదు. గ్రీన్లలో (హోల్ చుట్టూ ఉండే నున్నటి గడ్డి) ఎక్కువ జంట గ్రీన్లు, వెళ్లే హోల్‌కీ వచ్చే హోల్‌కీ ఒకటే. జంటగా ఉన్న రెండు హోల్స్ నంబర్లు కలిపితే ఎప్పుడూ 18 వస్తుంది. తప్పు వైపు ఆగితే పట్ (బంతిని నేల మీద దొర్లించే దెబ్బ) కొట్టాల్సిన దూరం చూసి నవ్వొస్తుంది. పోయేటప్పుడు వీపున ఉన్న గాలి తిరిగొచ్చేటప్పుడు ముఖాన కొడుతుంది. సముద్రపు గాలి అలవాటున్న వైజాగ్ వాళ్లు ఇక్కడ హైదరాబాద్ వాళ్లకంటే కాస్త నయం.

వీటన్నిటికంటే మొదటి టీ కష్టం. అది ఊరి మధ్యలో ఉంటుంది. రెయిలింగ్ పట్టుకుని టూరిస్టులు, ఐస్‌క్రీమ్ తింటూ కాలేజీ పిల్లలు చూస్తుంటారు. స్టార్టర్ (ఆట మొదలుపెట్టించే ఉద్యోగి) మైకులో మీ పేరు పిలుస్తాడు. ఎదురుగా ఉన్నది 1, 18 హోల్స్ రెండూ కలిసిన మైదానం, అంత వెడల్పైన ఫెయిర్‌వే మీ జీవితంలో చూసి ఉండరు. అయినా చేతులు వణుకుతాయి. కిందటి ట్రిప్పులో వైజాగ్ నుంచి వచ్చిన పెద్దాయన బంతి నిలబెట్టే టీ పుల్ల గుచ్చడానికి మూడుసార్లు వంగారు. మూడుసార్లూ బంతి దొర్లిపోయింది. "టెన్షన్ కాదు తమ్ముడూ, గాలి" అన్నారు. అప్పుడు గాలి లేదు.

ఆయనే 17వ హోల్ దగ్గర, హోటల్ ప్రహరీ మీదుగా గుడ్డిగా కొట్టాల్సిన, రోడ్ హోల్ అని పిలిచే ఆ హోల్‌లో, మొదటి దెబ్బ అద్భుతంగా కొట్టారు. రెండోది గ్రీన్ ముందున్న బంకర్‌లోకి వెళ్లింది. దాని గోడ మనిషి ఛాతీ దాకా ఉంటుంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఇసుక ఎగిరి ఆయన మీదే పడుతోంది, బంతి మాత్రం కదిలి మళ్లీ కాళ్ల దగ్గరికే వస్తోంది. క్యాడీ అటు తిరిగి సముద్రం చూస్తున్నాడు. ఎట్టకేలకు బయటపడి, పట్‌లు పూర్తిచేసి, కార్డులో 9 రాసుకున్నారు. ముఖం చిన్నబోయింది.

1978 ఓపెన్‌లో ఇదే హోల్‌లో, ఇదే బంకర్‌లో జపాన్ ప్రొఫెషనల్ టామీ నకజిమా నాలుగు దెబ్బలకు గానీ బయటపడలేదనీ, ఆయన కార్డులోనూ 9 పడిందనీ చెప్పాను. పెద్దాయన కాసేపు నన్ను అనుమానంగా చూశారు. క్యాడీని అడిగి నిర్ధారించుకున్నారు. వైజాగ్‌లో వాళ్లింటి హాల్లో ఇప్పుడు ఆ స్కోర్ కార్డు ఫ్రేము కట్టి ఉంది, 9 చుట్టూ ఎర్ర ఇంకుతో సున్నా చుట్టి.